చాప మీద నుంచి ఎవరు లేవాలె?



పోయిన కొన్ని నెలల్లో మన పేటలో నలుగురు నన్ను ఒక్కటే మాట అడిగిండ్రు. "కాకా, కోర్టులో ఉన్న సాహెబు ఎదుటి పార్టీ వాడని అనుమానం వస్తే ఏం చెయ్యాలె? ఆయన్ని మార్చమని అడగొచ్చా? అడిగితే కోపం వచ్చి ఇంకా ఎక్కువ శిక్ష వేస్తడా?" అడిగినవాళ్లలో ముద్దాయి తల్లి ఉంది, దెబ్బలు తిన్న ఫిర్యాది కూడా ఉన్నడు. రెండు పక్కలా అదే భయం. అందుకే ఈసారి పెన్షన్ సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్న.

నేను వకీలును కాదు. నాలుగో తరగతి చదివి పదిహేనేండ్లకే గిర్ణీలో చేరినవాణ్ణి. అయితే యూనియన్ కమిటీలో ఉన్నన్ని రోజులు మనవాళ్లకు తోడుగా లేబర్ కోర్టుకు, ఫౌజ్దారీ కోర్టుకు పోయి పోయి, వకీళ్లను అడిగి అడిగి, ఒక నోటుబుక్కు నింపుకున్న. ఆ బుక్కులో ఉన్నదే ఇక్కడ రాస్తున్న. మీ కేసుకు మీ వకీలు మాటే చివరి మాట.

మన పెద్దలకు ఈ సంగతి కొత్త కాదు. కులపంచాయితీలో చాప పరిచి పంచులు కూర్చున్నప్పుడు, తగాదా పడ్డ ఇద్దరిలో ఒకడు ఒక పంచుకు బావమరిదో వియ్యంకుడో అయితే, ఎవరూ చెప్పకముందే ఆ పంచు "ఇందులో నేను కూర్చోను" అని లేచేవాడు. లేవకపోతే ఎదుటివాడు లేచి "పెద్దయ్యా, మీరు వాళ్ల చుట్టం" అని మర్యాదగా అనేవాడు. దానికి ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కోర్టుల్లో కూడా మూలం ఇదే. జడ్జి తనంత తాను లేవడం ఒకటి. మనం అర్జీ పెడితే పైకోర్టు కేసును ఇంకో కోర్టుకు మార్చడం ఇంకొకటి.

చట్టంలో ఏముంది?

2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినయి గాని ఈ విషయంలో అసలు సరుకు పాతదే.

సెక్షన్ 525 చూడండి (పాత కోడులో 479). జడ్జి గాని మేజిస్ట్రేటు గాని తాను పార్టీగా ఉన్న కేసును, తనకు సొంత లాభనష్టం ఉన్న కేసును, తన మీది అప్పీలు కోర్టు అనుమతి లేకుండా విచారించరాదు. తాను ఇచ్చిన తీర్పు మీద వచ్చిన అప్పీలును తానే వినరాదు. ఒక వివరణ కూడా ఉంది. నేరం జరిగిన చోటును ఆయన చూసి వచ్చినంత మాత్రాన, సర్కారీ హోదాలో ఆ పనితో సంబంధం ఉన్నంత మాత్రాన, "సొంత సంబంధం" ఉందని అనరాదు.

సెక్షన్ 211 చాలామందికి తెలియదు. ఎవరూ ఫిర్యాదు ఇవ్వకుండా, పోలీసు రిపోర్టు లేకుండా, మేజిస్ట్రేటు తనకు తెలిసిన సంగతి మీద తానే కేసు తీసుకుంటే, సాక్ష్యం మొదలుపెట్టకముందే ముద్దాయికి చెప్పాలె: "నీ కేసు ఇంకో మేజిస్ట్రేటు దగ్గర నడవాలని కోరే హక్కు నీకుంది" అని. ముద్దాయి కోరితే కేసు మారాల్సిందే. ఇక్కడ కారణం కూడా చూపించనక్కరలేదు. చూసినవాడే తూచరాదు అన్నట్టు.

మిగతా సందర్భాలకు మూడు మెట్లున్నయి. ఒక జిల్లాలోనే ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మార్చాలంటే సెక్షన్ 448 కింద సెషన్స్ జడ్జి దగ్గర అర్జీ. ఆయన కొట్టేస్తేనే సెక్షన్ 447 కింద హైకోర్టుకు పోవాలె. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోది ఎక్కనియ్యరు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే సెక్షన్ 446 కింద సుప్రీంకోర్టు.

అర్జీ ముద్దాయే పెట్టాలని లేదు. కేసుతో సంబంధం ఉన్న ఏ పార్టీ అయినా పెట్టొచ్చు. కింది కోర్టే "ఈ కేసు నా దగ్గర వద్దు" అని రాసి పంపొచ్చు. పైకోర్టు తనంత తానుగా కూడా మార్చొచ్చు. అర్జీతోపాటు అఫిడవిట్ కావాలె, అంటే ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం. ముద్దాయి పెడితే సర్కారీ వకీలుకు నోటీసు, కారణాల నకలు ఇవ్వాలె. నోటీసు ఇచ్చినంక కనీసం 24 గంటలు గడిచినంకే అసలు సంగతి మీద ఉత్తర్వు. కింది కోర్టులో కేసు దానంతట అది ఆగదు. ఆపమని వేరుగా అడగాలె, అవసరమనిపిస్తే ఆపుతరు. ఊరికే సతాయించడానికి పెట్టిన అర్జీ అని తేలితే ఎదుటి పార్టీకి నష్టపరిహారం కట్టిస్తరు. పాత కోడులో హైకోర్టుకు దీని హద్దు వెయ్యి రూపాయలు ఉండె.

ఏ భయానికి విలువ ఉంది?

నా నోటుబుక్కులో రెండు మాటలు పెద్దక్షరాలతో రాసుకున్న: కారణం ఉన్న భయం, ఊరికే భయం. కోర్టులు చూసేది ఈ తేడానే.

ముందు 1923 నాటి ఇంగ్లండు కేసు చెప్త. ప్రపంచంలో చాలా కోర్టులు దీన్నే తలుచుకుంటయి. ససెక్స్ అనే ప్రాంతంలో మోటారు సైకిలు ఇంకో బండికి గుద్దుకుంది. సైకిలు నడిపినవాడి మీద ఫౌజ్దారీ కేసు. మేజిస్ట్రేట్లు తీర్పు ఆలోచించుకోవడానికి లోపలి గదికి పోతే వాళ్ల కోర్టు గుమాస్తా కూడా వెంట పోయిండు. ఆ గుమాస్తా ఉన్న వకీళ్ల కంపెనీయే ఎదుటివాడి తరఫున నష్టపరిహారం దావా చూస్తున్నది. "మేము ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు" అని మేజిస్ట్రేట్లు ప్రమాణం చేసి చెప్పిండ్రు. అది నిజమే కావచ్చు. అయినా పైకోర్టు శిక్ష రద్దు చేసింది. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు అందరి కంటికి కనబడాలె అన్నది ఆ తీర్పు సారం. అక్కడ తప్పుకోవాల్సినవాడు జడ్జి కాదు, గుమాస్తా. అంటే ఈ నియమం కుర్చీకే కాదు, కుర్చీ పక్కన నిలబడ్డవాడికి కూడా.

మన దేశంలో 1987లో సుప్రీంకోర్టు ఒక సిపాయి కేసు తేల్చింది. ఆ సిపాయి తన పై ఆఫీసరు మీద ఇంకా పైవాళ్లకు ఫిర్యాదు రాసిండు. నియమం ప్రకారం పంపలేదని 28 రోజుల కఠిన శిక్ష వేసిండ్రు. ఆ శిక్షలో ఉండగా, 1985 మే నెలలో, అన్నం తినమంటే తినలేదని మరునాడే కోర్టు మార్షల్ పెట్టి ఏడాది ఖైదు వేసి నౌకరి నుంచి తీసేసిండ్రు. ఎవరి మీద ఆ సిపాయి ఫిర్యాదు రాసిండో ఆ ఆఫీసరే ఆ కోర్టు మార్షల్‌లో కూర్చున్నడు! సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసి సిపాయిని మళ్లీ కొలువులో చేర్చుకోమన్నది. జడ్జి తన మనసులోకి చూసుకుని "నేను పక్షం కట్టినానా?" అని అడుక్కోవడం సరికాదు, ఎదుట నిలబడ్డ మనిషి మనసులోకి చూడాలె అని చెప్పింది. నాకు ఈ మాట చాలా నచ్చింది. మనలాంటివాళ్ల మనసు కూడా లెక్కలోకి వచ్చింది గదా.

అయితే మనసులో ఏ భయం పుడితే అది చెల్లదు. 1979లో ఒక పరువు నష్టం కేసును బొంబాయి నుంచి ఢిల్లీకి మార్చమని మేనకా గాంధీ సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు ఒప్పుకోలేదు. న్యాయంగా విచారణ జరగడం అన్నిటికంటే ముఖ్యమే గాని, అతి సున్నితంగా నొచ్చుకోవడమో, నాకు ఆ ఊరు దూరమనడమో చాలదు, ఇంకా గట్టి కారణం కావాలె అన్నది.

గట్టి కారణం ఎట్లుంటదో తమిళనాడు కేసు చెప్తది. జయలలిత గారి మీది ఆస్తుల కేసు చెన్నైలో నడుస్తున్నప్పుడు ఆమె మళ్లీ ముఖ్యమంత్రి అయింది. అప్పటికే సాక్ష్యం చెప్పినవాళ్లలో 76 మందిని మళ్లీ పిలిస్తే 64 మంది ముందు చెప్పిన మాట తిప్పేసిండ్రు. సర్కారీ వకీలు గట్టిగా అడ్డు చెప్పలేదు. డీఎంకే నాయకుడు అన్బళగన్ సుప్రీంకోర్టుకు పోతే 2003 నవంబరులో కేసును బెంగళూరుకు మార్చిండ్రు. ఇక్కడ జడ్జి మీద మచ్చ వేయలేదు, విచారణ చుట్టూ ఉన్న గాలి బాగలేదన్నరు. తర్వాత అదే కేసు అప్పీలులో సర్కారీ వకీలును తమిళనాడు సర్కారు నియమించడం చెల్లదని 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు మారిన రాష్ట్రమే వకీలును పెట్టాలె గాని, మారక ముందున్న రాష్ట్రం కాదు.

మా ఇంటి సంగతి

మా చెల్లెలి మనవడు పవర్లూమ్ షెడ్డులో పని చేస్తడు. కూలి లెక్క దగ్గర గొడవై, ఎదుటివాడి చెయ్యి విరిగింది. పిల్లవాడి మీద కేసు అయింది. మొదటి రోజే మేజిస్ట్రేటు జామీను ఇయ్యలేదు. తర్వాత సెషన్స్‌లో దొరికింది. ఆ నడుమ ఎదుటి పార్టీ మనిషి చాయ్ హోటల్లో కూర్చుని "అక్కడి సాహెబు మాకు తెలిసినోడే, వాణ్ణి లోపల వేయిస్తం" అన్నడట. ఆ మాట ఇల్లిల్లూ తిరిగి మా చెల్లెలి చెవిన పడేసరికి "సాహెబు వాళ్ల ఇంట్లో భోజనం చేసిపోయిండు" అన్నంత అయింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు. పాపం ఆమెకు నెలరోజులు నిద్ర లేదు. మనవడు ఒక్కడే మగదిక్కు.

వకీలమ్మ దగ్గరికి తీసుకుపోయిన. ఆమె మూడే అడిగింది. "ఆ మాట నీ చెవితో ఎవరు విన్నరు? సాహెబుకూ వాళ్లకూ చుట్టరికం, వ్యాపారం, పాత పరిచయం ఏమన్నా ఉన్నట్టు కాగితం గాని మనిషి గాని ఉన్నడా? కోర్టులో సాహెబు నోటి నుంచి పక్షపాతం మాట వచ్చిందా?" మూడింటికీ జవాబు లేదు. "జామీను ఇయ్యలే గదమ్మా" అన్నది చెల్లె. "జామీను ఇయ్యకపోవడం, వాయిదా ఇయ్యకపోవడం, గట్టిగా గద్దించడం, ఇవి నచ్చకపోతే అప్పీలు ఉంది, రివిజన్ ఉంది. వాటినే పక్షపాతమంటే ఓడిన ప్రతివాడూ జడ్జిని మార్చమంటడు" అన్నది వకీలమ్మ.

అయినా చెల్లె మనసు ఊరుకోలేదు. అర్జీ పెట్టాల్సిందే అన్నది. వకీలమ్మ జాగ్రత్తగా రాసింది. "సాహెబు లంచం తిన్నడు" లాంటి మాట ఒక్కటీ రాయలేదు. ఎదుటి పార్టీవాళ్లు ఇట్లా చెప్పుకుంటున్నరు, అందుకే మాకు భయంగా ఉంది, అంతే. సెషన్స్ జడ్జి మేజిస్ట్రేటు అభిప్రాయం తెప్పించుకున్నడు. నాకు రెండు పార్టీలూ తెలియవు, కేసు మార్చినా నాకు అభ్యంతరం లేదు అని ఆయన రాసి పంపిండు. సర్కారీ వకీలు మాట, మా మాట విని జడ్జి అర్జీ కొట్టేసిండు. చాయ్ హోటల్ మాటకు సాహెబు బాధ్యుడు కాడు, అట్లా మార్చుకుంటూ పోతే బయట ఎవడో గొప్పలు చెప్పి ఏ కేసునైనా తనకు నచ్చిన కోర్టుకు తోలొచ్చు అని కారణం రాసిండు. ఈ మాట మేము అనుకోలేదు. నిజమే గదా, మాలాంటివాళ్లు బెదిరి మార్చుకుంటరనే ఎదుటివాడు ఆ గొప్పలు చెప్పిండేమో!

హైకోర్టుకు పోదామా అంటే చెల్లె వద్దన్నది. కేసు అదే మేజిస్ట్రేటు దగ్గర నడుస్తున్నది. ఇద్దరు సాక్షులయ్యిండ్రు. తీర్పు ఏమొస్తదో ఎవరికి తెలుసు. కాని చెల్లె ఇప్పుడు ప్రతి తారీఖుకూ పోయి వెనక బెంచి మీద కూర్చుంటది. "మా వకీలమ్మను కూడా వాళ్ల వకీలు లెక్కనే మాట్లాడనిస్తున్నడు" అని మొన్న చెప్పింది.

నోరు తెరవాల్సిన సమయం

అడగాలంటే మొదట్లోనే అడగాలె. 1957లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సంగతి తేల్చింది. ఒక వకీలు మీద విచారణకు వేసిన కమిటీ పెద్ద, అంతకుముందు ఫిర్యాది తరఫున ఒకసారి కోర్టులో నిలబడ్డవాడు. ఆయన అందులో కూర్చోవలసింది కాదని కోర్టు ఒప్పుకుంది. కాని సంగతి తెలిసీ విచారణ అంతా అయిపోయేదాకా నోరు మెదపలేదు కాబట్టి ఇప్పుడు అడగరాదన్నది. గెలిస్తే మంచి జడ్జి, ఓడితే చెడ్డ జడ్జి అనడం కుదరదు.

గిర్ణీలో మేము చేసింది కూడా ఇదే. ఏ గిర్ణీ అనేది ఇక్కడ అవసరం లేదు. ఒక కార్మికుడు నూలు కండెలు ఎత్తుకపోతున్నడని పట్టుకున్న ఆఫీసరే ఎంక్వైరీ ఆఫీసరుగా కుర్చీలో కూర్చున్నడు. పట్టుకున్నవాడు సాక్షి. సాక్షే తీర్పరి ఎట్లయితడు? మొదటి రోజే, పేరు పిలవగానే, యూనియన్ రాసిన కాగితం చేతికిచ్చి నకలు మీద సంతకం తీసుకున్నం. రెండు వారాలకు ఎంక్వైరీ ఆఫీసరును మార్చిండ్రు. మార్చినంక ఆ కార్మికుడికి శిక్ష పడలేదని కాదు, నాలుగు రోజుల సస్పెన్షన్ పడింది. కాని నౌకరి నిలిచింది. ఫౌజ్దారీ కోర్టు వేరు, గిర్ణీ ఎంక్వైరీ వేరు. సూత్రం మాత్రం ఒక్కటే.

పోలీసు, సర్కారీ వకీలు, దుబాసీ

జడ్జి ఒక్కడే కాదు, కేసులో ఇంకా మనుషులున్నరు.

దర్యాప్తు చేసే పోలీసు ఆఫీసరు మీద అనుమానముంటే పై ఆఫీసర్లకు రాతపూర్వకంగా ఇయ్యాలె. వినకపోతే హైకోర్టు ఉంది. కాని ఫలానా ఆఫీసరే దర్యాప్తు చెయ్యాలె అని కోరే హక్కు ముద్దాయికి లేదు. ఫిర్యాదు ఇచ్చిన పోలీసే దర్యాప్తు కూడా చేస్తే ఎట్లా? 2018లో సుప్రీంకోర్టు ఒక మత్తుమందుల కేసులో అది చెల్లదు, ముద్దాయి విడుదల కావాల్సిందే అన్నది. 2020 ఆగస్టు 31న ఐదుగురు జడ్జీలు కూర్చుని ఆ తీర్పును మార్చిండ్రు. రెండు పనులూ ఒక్కడే చేసినంత మాత్రాన కేసు పడిపోదు, నిజంగా పక్షపాతం జరిగిందా అని ఒక్కో కేసులో చూడాలె అన్నరు. కాబట్టి పాత తీర్పు పట్టుకుని ఎవరైనా "కేసు ఎగిరిపోతది" అంటే నమ్మకండి.

సర్కారీ వకీలు మీద నమ్మకం లేకపోతే దెబ్బలు తిన్నవాళ్లు ప్రత్యేక వకీలును పెట్టమని సర్కారును కోరొచ్చు. అది కాకపోయినా కోర్టు అనుమతితో సర్కారీ వకీలుకు తోడుగా తమ సొంత వకీలును పెట్టుకోవచ్చు.

దుబాసీ సంగతి మనకు మరీ ముఖ్యం. మూడు తరాలుగా ఇక్కడున్నా మన ముసలమ్మలకు మరాఠీ కోర్టు మాటలు అర్థం కావు. సాక్ష్యం ముద్దాయికి తెలిసిన భాషలో చెప్పించాలని చట్టంలో ఉంది. దుబాసీ ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి బద్ధుడు. వాడు ఎదుటి పార్టీ చుట్టమైతే, మాట మింగుతుంటే, అప్పటికప్పుడే చెయ్యెత్తి జడ్జికి చెప్పాలె. ఇంటికొచ్చి చెప్పుకుంటే లాభం లేదు.

అర్జీ పెట్టే ముందు

విన్నది కాదు, చూసింది రాసుకోండి. తారీఖు, టైము, ఎవరి ముందర, ఏ మాట. చుట్టరికం ఉంటే పెండ్లి పత్రిక గాని, వ్యాపారం ఉంటే కాగితం గాని వెతకండి. మొదటి అవకాశంలోనే అడగండి. కోపంతో జడ్జిని తిట్టే మాటలు రాయించకండి. 1950లలో నాగపూర్ హైకోర్టులో కేసు మార్చమన్న అర్జీలో జడ్జీలను కించపరిచే మాటలు ఉన్నందుకు, సంతకం పెట్టిన వకీళ్లు కోర్టు ధిక్కారం కింద నిలబడాల్సి వచ్చింది. చివరికి సుప్రీంకోర్టుదాకా పోయి క్షమాపణ చెప్పుకున్నరు. భయం ఉందని చెప్పడం తప్పు కాదు. రుజువు లేకుండా దొంగ అనడం తప్పు.

అర్జీ పెడితే జడ్జికి కోపం వస్తదా అని అడిగినవాళ్లకు నా జవాబు: నా కండ్లతో అట్లాంటిది చూడలేదు. మా పిల్లవాడి మేజిస్ట్రేటే అభ్యంతరం లేదని రాసిచ్చిండు గదా. కోపం వచ్చి నిజంగా పక్షపాతం చూపిస్తే, అప్పుడు చూపించడానికి మీ చేతిలో కారణం ఉంటది.

పైసలు లేవని ఊరుకోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టంలో 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు తెగలవాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇయ్యాలె. కార్మికులు ఆ లిస్టులో ఉన్నరని మనోళ్లలో చాలామందికి తెలియదు. బీడీలు చేసే అక్కలు ఆడవాళ్లుగానే అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థ ఆఫీసు ఉంటది. ఫోను నంబరు 15100. పోయేటప్పుడు కేసు నంబరున్న కాగితం, ఆధార్, మీ పని గుర్తింపు కార్డు పట్టుకపోండి. ఒక్కరే పోవడానికి భయమైతే పక్కింటివాళ్లను తోడు పిలుచుకోండి. నన్ను పిలిచినా వస్త.